గొర్రె చిక్కిపోతే మట్టిని ఎందుకు పరీక్షించాలి?

మోకాలెత్తు పచ్చిక ఉంది. నీళ్లున్నాయి. అయినా గొర్రెలు రోజురోజుకీ నీరసించి, బొమికలు తేలి, ఆఖరికి మేత మధ్యలో నిలబడి కూడా మేయడం మానేసి చచ్చిపోయేవి. దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో సున్నపు ఇసుక నేలల మీద మేసే మందల్లో ఇది మామూలు. అక్కడి వాళ్లు దాన్ని ‘తీరం జబ్బు’ అనేవారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో డెన్మార్క్ అనే ఊరి చుట్టుపక్కల పశువులకూ ఇలాంటిదే వచ్చేది. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో అగ్నిపర్వతాలు కక్కిన తేలిక మట్టి మీద మేసే మందలదీ అదే గతి. అక్కడ దాని పేరు ‘బుష్ సిక్‌నెస్’. చూస్తే అంటురోగం కాదు, పొట్టలో పురుగుల పని కూడా కాదు. అచ్చం తిండి లేక మాడిపోయిన జంతువులా ఉండేది.

పెంపకందారులకు మాత్రం ఒక కిటుకు తెలుసు. జబ్బుపడిన మందను కొన్నాళ్లు వేరే రకం నేల మీదికి తోలుకుపోతే కోలుకునేది. తిరిగి తెస్తే మళ్లీ మొదలయ్యేది. పశువైద్యుడు గొర్రెను ఎంత పరీక్షించినా అంతుచిక్కని విషయం ఈ ఒక్క అలవాటులో ఉంది. లోపం గొర్రెలో కాదు, అది నిలబడ్డ నేలలో ఉంది.

వ్యవసాయ పరిశోధనలో నేలకో విభాగం, పంటలకో విభాగం, పచ్చిక బయళ్లకో విభాగం, పశువులకో విభాగం ఉంటాయి. చదువులు, పత్రికలు, నిధులు అన్నీ వేర్వేరు. కానీ ఈ రంగంలో పెద్ద మలుపులు చాలావరకు ఒక విభాగం ప్రశ్నకు పక్క విభాగంలో జవాబు దొరికినప్పుడే వచ్చాయి. పెద్ద తప్పులు కూడా అలాగే వచ్చాయి. ఒక విభాగం సాధించిన విజయం పక్క విభాగానికి తలనొప్పి అయి కూర్చుంది. ఈ అల్లిక ఎలా పనిచేస్తుందో, దాన్ని విప్పడం ఎందుకంత కష్టమో చూద్దాం.

దోషి ఇనుము కాదు

తీరం జబ్బుకూ దాని చుట్టాలకూ కారణం వెతికిన వాళ్ల అనుమానం మొదట ఇనుము మీదికి పోయింది. జబ్బుపడిన జంతువులకు రక్తహీనత ఉండేది కాబట్టి అది సహజమే. న్యూజిలాండ్‌లో బెర్నార్డ్ ఆస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇది ఇనుము లోపమేనని వాదించాడు. లిమోనైట్ అనే ఇనుప ఖనిజాన్ని పొడి చేసి పెడితే మందలు కోలుకున్నాయి కూడా. ఇనుము తగ్గింది, ఇనుము పెట్టారు, జబ్బు పోయింది. ఇంకేం కావాలి?

కానీ లెక్క కుదరలేదు. ఒకచోట తవ్విన లిమోనైట్ పనిచేస్తే, ఇంకోచోట తవ్వినది పనిచేసేది కాదు. రక్తహీనతకు సరిపోయే ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెడితే గాని గుణం కనిపించేది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎరిక్ అండర్‌వుడ్, జాన్ ఫిల్మర్ జబ్బు పశువుల లివర్లు పరీక్షించి చూస్తే అందులో ఇనుము తగ్గకపోగా పేరుకుపోయి ఉంది. అప్పుడు వాళ్లు చేసిన ప్రయోగం నా దృష్టిలో ఈ రంగంలోకెల్లా అందమైన వాటిలో ఒకటి. లిమోనైట్ నుంచి ఇనుమును తీసేసి, మిగిలిన సారాన్ని పశువులకు పట్టించారు. జబ్బు నయమైంది! అంటే మందు ఇనుము కాదు, ఇనుముతోపాటు కల్తీగా వచ్చిన ఇంకేదో. మిగిలిన మూలకాలను విడివిడిగా పెట్టి చూసుకుంటూ పోతే 1935లో అసలు పేరు తేలింది: కోబాల్ట్. దక్షిణ ఆస్ట్రేలియాలో హెడ్లీ మార్‌స్టన్ బృందం కూడా వేరే దారిలో అదే ఏడాది అదే చోటికి చేరింది.

గొర్రెకు కావలసిన కోబాల్ట్ ఎంత? కిలో ఎండుమేతలో సుమారు 0.1 మిల్లీగ్రాము. అంటే పది టన్నుల ఎండుగడ్డిలో ఒక్క గ్రాము. ఆ గ్రాము లేక మందలకు మందలే పోయాయి.

జవాబు దొరికినా, ఆ జవాబు ఎందుకు నిజమో తెలియడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. అప్పటికే ఒక వింత బయటపడింది. కోబాల్ట్‌ను నోటితో ఇస్తే పనిచేస్తుంది గానీ, రక్తంలోకి ఎక్కిస్తే దాదాపు పనిచేయదు. 1948లో విటమిన్ బి12ను వేరుచేసినప్పుడు దాని అణువు మధ్యలో కోబాల్ట్ ఉందని తేలింది. దాంతో చిక్కు విడిపోయింది. నెమరువేసే జంతువు మొదటి పొట్ట, అంటే రూమెన్, ఒక పెద్ద పులియబెట్టే తొట్టి. అందులోని బాక్టీరియా మేతలోని కోబాల్ట్‌తో బి12 తయారుచేస్తుంది. గొర్రెకు కావలసింది ఆ బి12. కోబాల్ట్ కావలసింది పొట్టలోని బాక్టీరియాకు. బి12నే నేరుగా ఇంజెక్షన్ ఇచ్చి గొర్రెలను బాగుచేయవచ్చని 1951లో రుజువైంది కూడా.

ఇక్కడ గమనించాల్సింది గడ్డి సంగతి. గడ్డికి కోబాల్ట్ అక్కర్లేదు. అది లేకపోయినా నిగనిగలాడుతూ పెరుగుతుంది. పంట శాస్త్రవేత్త వచ్చి చూస్తే పచ్చిక బ్రహ్మాండంగా ఉందనే అంటాడు, అతని కొలబద్దలో అది నిజమే. పైగా వానలు బాగా పడి గడ్డి ఏపుగా పెరిగిన ఏడాదే ఈ జబ్బు ఎక్కువవుతుంది. త్వరగా పెరిగిన గడ్డిలో కోబాల్ట్ పలచబడుతుంది. గడ్డి పొడుగ్గా ఉంటే గొర్రె నేల దాకా కొరకదు కాబట్టి మేతతోపాటు నోట్లోకి పోయే మట్టి కూడా తగ్గిపోతుంది. ఆ మట్టిలోనే కాస్త కోబాల్ట్ ఉండేది. మంచి ఏడాదిలో మంద ఎక్కువ జబ్బుపడితే ఏ పెంపకందారుడైనా తలపట్టుకోక ఏం చేస్తాడు?

పరిష్కారం కూడా రూమెన్‌ను అర్థం చేసుకున్నాకే సులువైంది. 1950ల చివర్లో ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు కోబాల్ట్ ఆక్సైడ్‌తో బరువైన గుళిక తయారుచేశారు. మింగిస్తే అది బరువు వల్ల పొట్టలోనే ఉండిపోయి, నెలల తరబడి కొంచెం కొంచెంగా కోబాల్ట్ వదులుతుంది.

పంటకు ఒక లోపం, పశువుకు ఇంకొకటి

నేలలో ఏ పోషకం అన్నిటికంటే తక్కువ ఉందో అదే పంట పెరుగుదలను ఆపుతుందన్న సూత్రం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. మిగతావి ఎన్ని వేసినా ఆ ఒక్కటి అందేదాకా లాభం లేదు. సూత్రం సరైనదే. కాకపోతే అందులో రెండు బోనులున్నాయి.

మొదటిది, ఒక లోపం తీరగానే వెనకాల నిలబడ్డ రెండో లోపం ముందుకొస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని నైంటీ మైల్ డెజర్ట్ దీనికి మంచి ఉదాహరణ. పేరుకు ఎడారి గానీ అక్కడ వాన మరీ తక్కువేం కాదు. వాన పడినా పొదలు తప్ప పనికొచ్చేది ఏదీ సరిగా ఎదిగేది కాదు. సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు వేసి చూశారు, అదొక్కటే వేస్తే చాలలేదు. 1940లలో డేవిడ్ రైస్‌మన్ తదితరులు చేసిన ప్రయోగాల్లో రాగి, జింక్ రెండూ కలిపి వేసినప్పుడు పచ్చిక లేచింది. ఎకరాకు కొద్ది కిలోల రాగి సల్ఫేట్, జింక్ సల్ఫేట్, వాటితో సూపర్ ఫాస్ఫేట్. రాగి ఒక్కటే, జింక్ ఒక్కటే విడిగా వేసి చూసి ఉంటే ‘ఈ నేలకు సూక్ష్మ పోషకాలతో పనిలేదు’ అని రాసేసి ఇంటికెళ్లిపోయేవారు. ఆ తర్వాత అక్కడ విశాలమైన మేత భూములు వెలిశాయి, ఎడారి అన్న పేరు కూడా మార్చేశారు.

రెండోది, మొక్కకు తక్కువైనది, పశువుకు తక్కువైనది, నేలలో బాక్టీరియాకు తక్కువైనది ఒకటే కానక్కర్లేదు. గడ్డికి సరిపోయే రాగి గొర్రెపిల్లకు చాలకపోవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలో వెనక కాళ్లు పట్టు తప్పి తూలిపోయే గొర్రెపిల్లల జబ్బుకు తల్లికి రాగి చాలకపోవడమే కారణమని 1937లో బెనెట్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త చూపించాడు. రాగి తగ్గితే ఉన్నికి సహజంగా ఉండే మడతలు కూడా పోయి అది తీగలా సాగిపోతుంది. ఉన్ని కొనేవాడు ఆ మడతల్ని చూసే ధర కడతాడు, కాబట్టి నేలలో రాగి లోపం మొదట బయటపడేది కొన్నిసార్లు మార్కెట్‌లో!

ఇక పప్పుజాతి మేత మొక్కలది ఇంకో లెక్క. క్లోవర్ లాంటి మొక్కల వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుందని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ రుజువు చేశారు. ఆ పని చేసే ఎంజైమ్‌కు మాలిబ్డినం అనే లోహం కావాలి. ఇది తెలియక ముందు దక్షిణ ఆస్ట్రేలియా కొండ ప్రాంతంలో ఎ.జె. ఆండర్సన్ ఒక వింత చూశాడు. ఎన్ని ఎరువులు వేసినా కదలని క్లోవర్ కట్టె బూడిద వేసిన చోట ఏపుగా వచ్చింది. బూడిదలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా వేసి చూస్తే 1942లో మాలిబ్డినం బయటపడింది. ఎకరాకు వంద గ్రాముల లోపే చాలు. కిలోల లెక్కలో ఎరువులు వేసే అలవాటున్న వాళ్లకు ఇది నమ్మబుద్ధి కాకపోవడంలో వింతేమీ లేదు.

సున్నం వేస్తే ఏమవుతుంది?

అసలు చిక్కుముడి ఇక్కడుంది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ఆమ్ల నేలలో మాలిబ్డినం మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుని మొక్కకు అందదు. సున్నం వేసి నేల పీహెచ్ పెంచితే, అంటే ఆమ్లత తగ్గిస్తే, అది విడుదలవుతుంది, క్లోవర్‌కు నత్రజని దొరుకుతుంది, పచ్చిక పెరుగుతుంది. కానీ అదే సున్నం వల్ల మొక్కకు కోబాల్ట్, జింక్ అందడం తగ్గుతుంది. అప్పటిదాకా కోబాల్ట్ బొటాబొటీగా సరిపోతున్న మంద ఇప్పుడు లోపంలోకి జారవచ్చు. నేల శాస్త్రవేత్త చేసింది మేలే, పచ్చిక శాస్త్రవేత్త కూడా మెచ్చుకుంటాడు, గొర్రె మాత్రం చిక్కిపోతుంది.

అంతటితో ఆగదు. మేతలో మాలిబ్డినం మరీ ఎక్కువైతే రూమెన్‌లో అది గంధకంతో కలిసి థయోమాలిబ్డేట్లు అనే సమ్మేళనాలుగా మారుతుంది. అవి రాగిని పట్టేసుకుంటాయి. మేతలో రాగి మామూలుగానే ఉన్నా పశువుకు దక్కదు. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో ‘టియర్ట్’ అనే పచ్చిక బయళ్లు పూర్వం నుంచీ పేరుమోసినవి. అక్కడ మేసిన ఆవులు విపరీతంగా పారుకునేవి, వెంట్రుకల రంగు వెలిసిపోయేది. కారణం ఆ మేతలో మాలిబ్డినం ఎక్కువ కావడమేనని 1938లో తేలింది, రాగి ఇస్తే తగ్గింది. అలాగని గొర్రెలకు రాగి ధారాళంగా పెట్టడానికీ లేదు. ఆవు తట్టుకునే మోతాదు గొర్రెను చంపేయగలదు. గొర్రెకు చాలినదానికీ విషమైనదానికీ మధ్య దూరం చాలా తక్కువ.

కాబట్టి ‘ఈ నేలలో రాగి తక్కువా కాదా’ అన్న ప్రశ్నకు ఒక అంకెతో జవాబు చెప్పలేం. ఎవరికి తక్కువ? ఏ పీహెచ్ దగ్గర? మాలిబ్డినం, గంధకం ఎంతున్నప్పుడు?

భూసార పరీక్షను కూడా ఈ వెలుగులో చూడాలి. ల్యాబ్ రిపోర్టులో కనిపించే అంకె నేలలో మొత్తం ఎంత భాస్వరం ఉందన్నది కాదు. ఒక నిర్ణీత ద్రావణంతో మట్టిని కడిగితే అందులోకి ఎంత దిగిందన్నది మాత్రమే. ఆ ద్రావణం మొక్క వేరుకు ప్రతినిధి, అది కూడా ఉజ్జాయింపుగానే. ద్రావణం మారితే అంకె మారుతుంది. ఆ అంకె పక్కన ‘తక్కువ’, ‘మధ్యస్థం’, ‘ఎక్కువ’ అని రాయాలంటే, అలాంటి నేలల్లో అదే పంట మీద ఎన్నో ఏళ్లు ఎరువు వేసి, వేయకుండా దిగుబడి పోల్చిన క్షేత్ర ప్రయోగాలు వెనక ఉండాలి. అవి లేని అంకె ఊరికే అంకె. పచ్చిక నేలల్లో ఇంకో ఇబ్బంది. ఆవు ఒకచోట మూత్రం పోస్తే ఆ జానెడు మేరా హెక్టారుకు 500 నుంచి 1000 కిలోల నత్రజని వేసినంత సాంద్రత ఉంటుంది. చెట్టు నీడ, గేటు, నీళ్ల తొట్టి దగ్గర పేడ, మూత్రం పోగుపడతాయి. అక్కడి మట్టి సంచిలో పడితే రిపోర్టు మొత్తం తారుమారు. ఖరీదైన ల్యాబ్ పరికరం కంటే మట్టి తీసిన మనిషి ఎక్కడెక్కడ తీశాడన్నదే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

నేలకు మంచిది, మందకు చెడ్డది

సబ్‌టెర్రేనియన్ క్లోవర్ అన్న మేత మొక్క తన కాయల్ని తానే మట్టిలోకి గుచ్చుకుంటుంది. అందుకే పశువులు ఎంత మేసినా మరుసటి వానలకు మళ్లీ మొలుస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఏమస్ హోవర్డ్ అనే రైతు 1889లో దాని విలువ గుర్తించాడు. తర్వాత సూపర్ ఫాస్ఫేట్‌తో కలిసి అది ఆస్ట్రేలియా ఖండం దక్షిణ భాగమంతటా ఇసుక నేలల దశ మార్చేసింది. నత్రజని వచ్చింది, సేంద్రియ పదార్థం పెరిగింది, ఎకరాకు మేసే గొర్రెల సంఖ్య పెరిగింది.

1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆ క్లోవర్ మీదే మేసిన ఆడగొర్రెలు చూలు నిలవక, ఈనలేక ఇబ్బందిపడడం మొదలైంది. కొన్ని మందల్లో పిల్లలు పుట్టడం బాగా పడిపోయింది. వేరే మేతకు మార్చినా చాలా గొర్రెలు మళ్లీ మామూలు కాలేదు. బెనెట్స్, అండర్‌వుడ్, షియర్ 1946లో దీన్ని వివరించారు. తప్పు క్లోవర్ ఆకులోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థానిది. అది స్వతహాగా బలమైనది కాదు. గొర్రె రూమెన్‌లోని సూక్ష్మజీవులు దాన్ని ఈక్వాల్‌గా మారుస్తాయి. ఈక్వాల్ ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది. బి12 తయారుచేసి గొర్రెను బతికించే తొట్టి ఇక్కడ దానికి ఎసరు పెట్టింది. ఇంకో మెలిక కూడా ఉంది. నేలలో భాస్వరం తగ్గితే ఆకులో ఫార్మోనోనెటిన్ పెరుగుతుంది. అంటే సూపర్ ఫాస్ఫేట్ ఖర్చు తగ్గించుకున్న రైతుకు ఆ దెబ్బ గొర్రెల కాన్పుల్లో తగలవచ్చు.

మొక్కల అభివృద్ధి శాస్త్రవేత్తలు ఆ పదార్థం తక్కువగా ఉండే రకాలు తయారుచేశారు, సమస్య చాలావరకు అదుపులోకి వచ్చింది. కానీ పాత రకాల విత్తనం నేలలోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది కదా. తనే విత్తుకునే గుణం వల్ల మెప్పుపొందిన మొక్కను తీసేయాలన్నప్పుడు ఆ గుణమే అడ్డం పడింది.

ఇంకొన్ని దశాబ్దాలకు మరో బిల్లు వచ్చింది. క్లోవర్ పోగుచేసిన నత్రజనిలో కొంత నైట్రేట్‌గా మారి వాన నీళ్లతో కిందికి కొట్టుకుపోతుంది. మాంసం, ఉన్ని, గడ్డి రూపంలో క్షారాలు పొలం దాటిపోతాయి. ఈ రెండింటి వల్ల నేల మెల్లమెల్లగా ఆమ్లమవుతుంది. ఆమ్లత ముదిరితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్లను కొరుకుతుంది. మందు సున్నమే. సున్నం వేస్తే కోబాల్ట్ సంగతేమిటో పైన చెప్పుకున్నాం.

ఇంతకీ ఈ శాస్త్రవేత్తలకెలా తెలుస్తుంది?

‘ఫలానా ఎరువు వేస్తే దిగుబడి పెరిగింది’ అన్న మాటకు ఆధారం ఒక పొలాన్ని ఇంకో పొలంతో పోల్చడం. ఏ రెండు పొలాలూ ఒకటి కావు. పల్లం, మెరక, పాత పశువుల దొడ్డి, చెట్టు నీడ, అన్నీ దిగుబడిని మారుస్తాయి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ 1843 నుంచి బ్రాడ్‌బాక్ పొలంలో ఏటా గోధుమ వేసి ఎరువులు పోల్చడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ పోగుపడిన అంకెల గుట్టను పరిశీలించడానికి 1919లో వచ్చిన యువకుడు రొనాల్డ్ ఫిషర్. ఆయన చెప్పిన ఉపాయం వినడానికి సాదాసీదా. పొలాన్ని చిన్న మడులుగా చెయ్యండి, ప్రతి ఎరువునూ చాలా మడుల్లో వెయ్యండి, ఏ మడికి ఏ ఎరువో చీటీలు వేసి తేల్చండి. అప్పుడు నేలలోని తేడాలు ఏ ఒక్క ఎరువుకూ పనిగట్టుకుని అనుకూలించవు. ఒకే ఎరువు పడ్డ మడుల మధ్య ఎంత తేడా ఉందో చూస్తే, కేవలం అదృష్టం వల్ల ఎంత తేడా రాగలదో తెలుస్తుంది. ఈరోజు కొత్త మందుల్ని రోగుల మీద పరీక్షించే పద్ధతికి మూలం ఈ మడుల్లోనే ఉంది.

పోల్చడానికి ఎరువు వేయని కంట్రోల్ మడి పెట్టినంత మాత్రాన పని అయిపోదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో మూలక రూపంలో లెక్కిస్తే భాస్వరం కంటే గంధకమే కాస్త ఎక్కువ. అది వేసిన మడి బాగా పెరిగితే మెప్పు భాస్వరానికి ఇవ్వాలా, గంధకానికా? రెండింటినీ విడివిడిగా వేసిన మడులు కూడా లేకపోతే చెప్పలేం. లిమోనైట్ కథలో ఇనుముకు దక్కిన తప్పుడు మెప్పు ఇలాంటిదే.

కాలం కూడా ఒక మడి లాంటిదే, అది లేని ప్రయోగం అరకొర. రోథమ్‌స్టెడ్‌లోనే పార్క్ గ్రాస్ అనే పచ్చిక మీద 1856లో మొదలైన ప్రయోగం అసలు ఉద్దేశం ఎండుగడ్డి దిగుబడి చూడడం. ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేసి, సున్నం వేయని మడుల్లో పీహెచ్ 4 కంటే కిందికి పోయింది, రెండు మూడు రకాల గడ్డి మాత్రమే మిగిలింది. ఏమీ వేయని మడుల్లో సుమారు 40 రకాల మొక్కలున్నాయి. దిగుబడి మాత్రం ఎరువు వేసిన చోటే ఎక్కువ. మూడేళ్ల ప్రాజెక్టు రిపోర్టు దిగుబడి చూసి ఆగిపోయేది.

నేలలో కార్బన్ పెంచి వాతావరణాన్ని కాపాడతాం అని ఇప్పుడు వినిపించే వాగ్దానాలకూ ఇదే వర్తిస్తుంది. బ్రాడ్‌బాక్‌లో ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో సేంద్రియ కార్బన్ మొదటి దశాబ్దాల్లో జోరుగా పెరిగింది, తర్వాత నెమ్మదించి ఒక స్థాయి దగ్గరికి చేరుకుంది. మొదటి ఐదేళ్ల వేగాన్ని యాభై ఏళ్లకు గుణిస్తే వచ్చే అంకె కాగితం మీద మాత్రమే ఉంటుంది.

పశువులు మడిలోకి దిగాక లెక్కలు ఇంకా బిగుసుకుంటాయి. ఒక కంచెలో యాభై గొర్రెలు, పక్క కంచెలో ఇంకో యాభై పెట్టి రెండు రకాల మేత పోల్చారనుకుందాం. వంద గొర్రెల డేటా ఉంది కదా అనిపిస్తుంది. కానీ మేత వేసింది కంచెకు, గొర్రెకు కాదు. కాబట్టి అక్కడున్నది చెరి ఒక్క కంచె మాత్రమే, ఆ తేడా మేతదో కంచెలోని నేలదో తేల్చే దారి లేదు. ఎన్ని గొర్రెలున్నాయన్నది కాకుండా ఎన్ని కంచెలున్నాయన్నది అడగాలి. కంచెలు పెంచితే ఖర్చు పెరుగుతుంది. అందుకే మేత ప్రయోగాలు తక్కువ, వాటి మీద గొడవలు ఎక్కువ.

గొడవల్లో పెద్దది హెక్టారుకు ఎన్ని పశువులు ఉండాలన్నది. 1974లో జోన్స్, శాండ్‌లాండ్ చాలా మేత ప్రయోగాలను కలిపి చూసి ఒక సులువైన సంబంధం చూపించారు. పశువుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో పశువు బరువు పెరగడం సరళరేఖలో తగ్గుతుంది. హెక్టారుకు వచ్చే మొత్తం బరువు మాత్రం మొదట పెరిగి, ఒక శిఖరం చేరి, పడిపోతుంది. పశువులు అసలు బరువే పెరగని సంఖ్య ఏదో దానిలో సరిగ్గా సగం దగ్గర ఆ శిఖరం ఉంటుంది. అంటే ‘పశువు బాగుంది’ అన్నవాడూ ‘ఎకరా రాబడి బాగుంది’ అన్నవాడూ వేర్వేరు సంఖ్యల గురించి మాట్లాడుతున్నారు. ఒకే సంఖ్య దగ్గర రెండు మేతల్ని పోల్చి ‘ఇది మేలు’ అని ప్రకటించిన పరిశోధన ఇంకో సంఖ్య దగ్గర తలకిందులు కావచ్చు.

హవాయి మేక పొట్టలో

ఇక సుబాబుల్ సంగతి. ఉష్ణ ప్రాంతాల్లో ప్రొటీన్ దండిగా ఉండే మేత చెట్టు అది. ఆస్ట్రేలియాలో పశువులు దాన్నే ఎక్కువగా తింటే వెంట్రుకలు ఊడేవి, థైరాయిడ్ వాచేది, బరువు పెరగడం ఆగేది. ఆకులోని మిమోసిన్ రూమెన్‌లో డీహెచ్‌పీ అనే ఇంకో విషంగా మారి పేరుకుపోవడమే కారణం. మొక్కల శాస్త్రవేత్తలు మిమోసిన్ లేని రకం కోసం ప్రయత్నించారు. పై శిఖరం లెక్కలో పేరున్న రేమండ్ జోన్స్ మాత్రం వేరే ప్రశ్న అడిగాడు. హవాయిలో మేకలు దీన్నే తింటూ హాయిగా ఉన్నాయి, ఎలా? మేక గొప్పదా, మేక పొట్టలో ఉన్నది గొప్పదా?

1980ల తొలినాళ్లలో హవాయి మేకల రూమెన్ ద్రవాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే విషం విరగడం మొదలైంది. కొన్నిటికి ఎక్కిస్తే చాలు, కలిసి మేసే మిగతా పశువులకూ పాకింది. పనిచేసిన బాక్టీరియాకు 1992లో సినర్జిస్టెస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు.

చాలా పుస్తకాల్లో కథ ఇక్కడే అయిపోతుంది. అయితే తర్వాత డీఎన్ఏ పరీక్షలు వచ్చాక, ఆ ద్రవం ఎప్పుడూ ఎక్కించని దేశాల పశువుల్లో కూడా ఈ బాక్టీరియా కనిపించింది. ఎక్కించిన మందల్లో కొన్నిటి మూత్రంలో డీహెచ్‌పీ ఇంకా ఎక్కువగానే వస్తున్నా పశువులు మాత్రం కులాసాగా ఉన్నాయి. విషాన్ని వేరే అణువుతో జతచేసి హాని లేకుండా బయటికి పంపే పని లివర్ కూడా చేస్తోందని ఇటీవలి పరిశోధనలు అంటున్నాయి. అదే నిజమైతే అలవాటుపడ్డ మందకు బాక్టీరియా ఎంతవరకు అవసరమన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి ప్రశ్న వెళ్లాల్సిన గది పచ్చిక విభాగమో సూక్ష్మజీవుల విభాగమో కాదు, పశువుల లివర్ చదివిన వాళ్లది.